మడి యొద్దనే ఆకుకూర: కోయు విధము, వండు విధము

ధాన్యమును గాదెలో పోసి ధర వచ్చువరకు నిలుపవచ్చును. మిరపకాయను ఎండబెట్టి దాచవచ్చును. ఆకుకూర కట్ట మాత్రము ఉదయము కోసినది సాయంకాలమునకే తల వాల్చును. ఈ సంగతి రైతునకు తెలియును; దళారికి అంతకంటె బాగుగ తెలియును. గంప దింపిన రైతు దానిని తిరిగి ఇంటికి మోసికొనిపోలేడని ఎరిగియే అతడు ధర చెప్పును. కోతకును వంటకును నడుమ గల గంటలు ఎంత తగ్గిన రైతునకును, తినువారికిని అంత లాభము. ఈ గంటలను తగ్గించు మార్గమొకటి సభ్యులకు ఈ నెల వివరింపదలచితిమి. కొనువారిని మడి యొద్దకు పిలిచి, వారిచేతనే కోయించి, తూచి అమ్ముటయే ఆ మార్గము.

ఆకు వాడుటకు కారణము

లేత ఆకుకూర బరువులో నూటికి 85 నుండి 90 పాళ్లు నీరే. మొక్కకు అంటియున్నంతకాలము ఆకునుండి ఆవిరియై పోవు నీటిని వేళ్లు మరల పూరించుచుండును. కోసిన క్షణమున నీటి రాక ఆగును. పోక మాత్రము ఆగదు. ఇదిగాక, కోసిన ఆకు వెంటనే చచ్చునది కాదు. శ్వాసించుచు, తనలోని చక్కెరను ఖర్చుచేసికొనుచు, వేడిని పుట్టించును. బిగించి కట్టిన గంప నడుమ చేయి పెట్టినచో వెచ్చగా తగులుట ఇందువలననే. ఎండ హెచ్చిన కొలది ఈ పనులన్నియు వేగమగును. సి విటమినును నిలువలో తరిగిపోవును. అంగడివారు చల్లు నీరు ఆకును చల్లబరచి కొంతసేపు నిలుపును గాని పోయిన సారమును తిరిగి తేజాలదు. తడి మితిమీరిన కుళ్లు పుట్టును.

లెక్క ఎట్లుండును?

ఒక రైతు 100 కట్టలు పట్టణమునకు తీసికొనిపోయెననుకొందము. 60 కట్టలు ఉదయపు ధరకును, 25 కట్టలు సగము ధరకును పోయి, 15 కట్టలు పశువుల పాలైనచో, అతని చేతికి వచ్చునది 72½ కట్టల ధర మాత్రమే. కోతకూలి, కట్టలు కట్టు కూలి, బండి బాడుగ అందుండియే పోవలెను. మడి యొద్ద ధరను నాలుగవ వంతు తగ్గించి అమ్మినను 100 కట్టలకు 75 కట్టల ధర వచ్చును. కూలియు బాడుగయు మిగులును. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. అమ్ముడుపోని కూర గంపలో వాడక మడిలోనే ప్రాణముతో నిలిచి మరునాటి బేరమునకు పనికివచ్చును.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1930 దశకపు ఆర్థిక మాంద్యమునందును, రెండవ ప్రపంచ యుద్ధానంతరమునను, ధరలు పడిపోయి కోతకూలి కూడ గిట్టని రైతులు కొనువారినే తోటలోనికి పిలిచి కోసికొనుడనిరి. నేటికిని అచట పండ్లను, లెట్యూసు వంటి ఆకులను జనులు అట్లే కోసికొందురు. లెట్యూసు చలువ కోరు పైరు. వేడిమి సోకిన కాడ సాగి పూతకు దిగును, ఆకు చేదగును. కావున మన మైదానములలో అది చలికాలపు పంటయే. మనకు ఏడాది పొడుగునను తోటకూర, గోంగూర, బచ్చలి ఉండగా ఆ పద్ధతిని వీనికే అన్వయించుకొనుట మేలు. మన ప్రాంతమున 26 జనవరి 1999 న ఆరంభమైన రైతుబజారులు మధ్యవర్తిని తప్పించినవి. మడి యొద్ద బేరము బండిని కూడ తప్పించును. పట్టణమునకో, పెద్ద బాటకో, బడికో సమీపమున భూమి గలవారికి ఇది మిక్కిలి అనువైనది.

మడుల ఏర్పాటు

ఒకేసారి విత్తిన మడి ఒకేసారి కోతకు వచ్చి, ఒకేసారి ముదురును. కొనువారు నిత్యము రావలెనన్న కూర నిత్యము ఉండవలెను. విత్తిన నాలుగు వారములకు కోతకు వచ్చు తోటకూరను తీసికొందము. 8 చిన్న మడులు చేసి, 4 దినములకు ఒక మడి చొప్పున విత్తవలెను. 28 వ దినమున ఎనిమిదవ మడి విత్తునాటికి మొదటి మడి కోతకు సిద్ధమగును. 32 వ దినమునకు అది ఖాళీయై మరల విత్తుటకు దొరకును. తోటకూర విత్తనము మిక్కిలి సన్నము గనుక ఇసుకతో కలిపి చల్లిన సమముగ పడును. మడికిని మడికిని నడుమ రెండడుగుల పొడిబాట విడువవలెను. కొనువారు బాటమీదనే నిలిచి చేయి చాపి కోయవలెను గాని మడిలో అడుగు పెట్టరాదు. త్రొక్కిన నేల గట్టిపడి వేళ్లకు గాలి అందదు.

కోయు విధము

కొనువారిలో పలువురకు కోత తెలియదు. రైతుగాని, ఇంటివారుగాని దగ్గర నిలిచి చూపవలెను. పెరుకు తోటకూరను వేళ్లతో లాగి, మన్ను అక్కడనే దులుపవలెను. మరల చిగుర్చు రకమును నేలకు నాలుగు వ్రేళ్ల ఎత్తున కోసినచో ప్రక్కకొమ్మలు వచ్చును. పాలకూరలో వెలుపలి పెద్ద ఆకులను మాత్రమే కోసి నడిమి మొవ్వును విడువవలెను. మొవ్వు తెగిన మొక్క వెనుకబడును. గోంగూర కొనలను త్రుంచిన గుబురుగ పెరుగును. ఆకు దూసినచో బోడికాడ మిగులును. బచ్చలి తీగ కొనలను జానెడు పొడుగున త్రుంచవలెను. పూత కనిపించిన పాలకూర మడిని బేరమునకు పెట్టక తీసివేయుట మంచిది.

కోతకు ఉదయమే తగిన వేళ. రాత్రి చల్లదనమున ఆకు నీటితో నిండియుండును. అయితే మంచు ఆరిన పిదప కోయవలెను. తడి ఆకును కుక్కిన సంచిలో త్వరగా కుళ్లును. కట్టలకు మారుగ త్రాసుతో తూచి అమ్మిన ఇరువురకును తగవుండదు.

తప్పరాని నియమములు

కొనువాడు తన చేతితో కోసి, ఇంటికి పోయి వెంటనే వండుకొనును. అంగడికూరకు ఒకటి రెండు దినముల జాప్యమైనను ఉండును. ఇచట అదియు లేదు. కావున పురుగుమందు చల్లిన మడికి ఎర్రగుడ్డ కట్టి, డబ్బాపై వ్రాసిన నిరీక్షణ దినములు గడచువరకు ఎవరిని కోయనీయరాదు. మోనోక్రోటోఫాసును కూరగాయలపై వాడరాదని భారత ప్రభుత్వము 2005 లోనే నిషేధించినది. ప్రత్తికి కొన్న మందు మిగిలినదని కూరమడిలో చల్లుట ఘోరము. మురుగునీటితో పెంచిన కూరను కూడ ఈ బేరమునకు పెట్టరాదు. కొనువారు మడిని కన్నులార చూచుచున్నారు. ఆ నమ్మకమే ఈ బేరమునకు మూలధనము.

వండు విధము

కూరను తరిగిన పిమ్మట కడుగుట మన ఇండ్లలో కొందరి అలవాటు. అట్లు చేసిన నీటిలో కరగు సారము కడుగునీటితోనే పోవును. మొదట రెండు మూడు నీళ్లలో కడిగి, పిదప తరుగవలెను. ఆకులో నీరు సమృద్ధిగ ఉన్నందున తాజా తోటకూరకు వేరుగ నీరు పోయనక్కరలేదు. ఆవాలు, ఎండుమిరప, వెల్లుల్లితో తిరుగబోత పెట్టి, లేత కాడలను ముందును, ఆకును వెనుకను వేసి, మూతపెట్టి మగ్గనిచ్చిన స్వల్పకాలములోనే వేపుడు సిద్ధమగును. ఉడికించిన నీరు మిగిలినచో పారబోయక చారులో కలుపవలెను. మూత్రపిండములలో రాళ్లు గలవారు మాత్రము పాలకూర, తోటకూర మితముగ తిని, ఉడికించిన నీటిని పారబోయుట మేలు.

పచ్చడికి కోసిన గోంగూరను కడిగి, గుడ్డపై పరచి, నీడలో పూర్తిగ ఆరబెట్టవలెను. తడి మిగిలిన పచ్చడి బూజు పట్టును. నూనెలో ఎండుమిరప, మెంతులు, జీలకఱ్ఱ వేయించి తీసి, అదే నూనెలో ఆకును మెత్తబడువరకు మగ్గించి, ఉప్పు, వెల్లుల్లి చేర్చి నూరవలెను. గోంగూర, చుక్కకూర వంటి పులుపు కూరలను కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో వండరాదు; పులుపు లోహమును కరగించి కూరను చెరచును. మట్టికుండ గాని, ఉక్కుపాత్ర గాని శ్రేష్ఠము.

మొదటి కోత ఎవరిది?

పాలు పట్టణమునకు, నీళ్లమజ్జిగ బిడ్డలకు అను స్థితి పల్లెలలో ఎరుగనిది కాదు. కూరమడి విషయమునను అట్లే జరుగుట కద్దు. ముదురాకుపచ్చ కూరలలోని కెరోటిను శరీరములో ఎ విటమినుగ మారును. అది చాలని బిడ్డలకు ముందు రేచీకటి, ముదిరిన చూపు పోవుటయు కలుగును. కెరోటిను ఒంటబట్టుటకు కొంచెము నూనెయో నేయియో కావలెను. మన తిరుగబోత ఆ పని చేయును. కూరలోని ఇనుము ఒంటబట్టుటకు భోజనమున నిమ్మరసము తోడ్పడును. ఇవన్నియు చేతికందు దూరమున నుండగా రైతు బిడ్డ వట్టి కారముతో అన్నము తినుట న్యాయము కాదు. కావున బేరమునకు మడి తెరచుటకు ముందు, ఆ ఉదయపు మొదటి కోత రైతు ఇంటి పొయ్యికి చేరవలెను.

వానలు వెనుకబట్టి చలి సోకు దినములు ఈ పనికి అనుకూలము. గ్రామమునకు ఇద్దరు ముగ్గురు సభ్యులు తలకు రెండు సెంట్లలో ఆరంభించి, ఒక్కొక్కరు ఒక్కొక్క కూర వేసికొనినచో తమలో తమకు పోటీయుండదు. త్రాసును సంఘము పక్షమున ఒకటే ఉంచుకొనవచ్చును. మూడు మాసముల జమాఖర్చు వ్రాసి సంఘ సమావేశమున చదివి వినిపించినచో, తక్కినవారు లాభనష్టములను తామే తూచికొందురు.