మూడు నక్షత్రాల బరువు

మన కర్నూలు, కడప జిల్లాల్లో పాత హోటళ్ల సంగతి పెద్దవాళ్లను అడిగి చూడండి. ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. ఫలానా ఊళ్లో బస్సు దిగితే ఉగ్గాని, బజ్జీ అక్కడే తినాలని ఒకరంటే, కారం దోసె అంటే ఫలానా వీధిలోదే అని మరొకరంటారు. చివరికి అందరూ చేరే మాట మాత్రం ఒకటే: “ఇప్పుడది ముందటిలా లేదు.” రహదారి ఊరి బయటికి మళ్లింది, వండే పెద్దాయన పోయాడు, అప్పు పెరిగింది. కారణాలు సాధారణంగా ఇవే.

ప్రపంచమంతటా పేరుపొందిన ఒక ఫ్రెంచి భోజనశాలకు కూడా సరిగ్గా ఇవే కష్టాలు వచ్చాయి. దాని చరిత్ర హోటలు వారికే గాక ప్రతి కుటుంబానికీ హెచ్చరికగా ఉన్నది గనుక, ఈ నెల దానిని మీ ముందుంచుతున్నాము.

దారి పక్కన ఇల్లు

ఫ్రాన్సు దేశంలో బర్గండీ ప్రాంతాన సోల్యూ అనే చిన్న ఊరుంది. పారిస్ నుంచి దక్షిణాన సముద్రతీరానికి వెళ్లే పాత రహదారి ఆ ఊరి గుండా సాగేది. ఆ దారి పక్కనున్న ‘కోత్ దోర్’ అనే హోటలును 1930లలో అలెగ్జాండర్ ద్యుమేన్ అనే గొప్ప వంటగాడు తీసుకున్నారు. కార్లలో పోయే కలవారు ఆయన చేతి వంట కోసమే అక్కడ ఆగేవారు.

మిషెలిన్ అనే టైర్ల కంపెనీ 1900లో ప్రయాణికుల కోసం ఒక చిన్న పుస్తకం వేయడం మొదలుపెట్టింది. తరువాతి కాలంలో అందులో మంచి భోజనశాలలకు నక్షత్రాలు ఇవ్వసాగారు. అన్నిటికంటె పెద్ద గౌరవం మూడు నక్షత్రాలు. ద్యుమేన్ గారి హోటలుకు ఆ మూడూ దక్కాయి.

1960లలో ఆయన విశ్రాంతి తీసుకున్నారు. కొత్తగా వేసిన పెద్ద రహదారి సోల్యూను పక్కన వదిలి వెళ్లిపోయింది. హైదరాబాదు–బెంగళూరు రహదారి ఊళ్ల నడిమి నుంచి తప్పుకున్నప్పుడు పాత రోడ్డు మీది హోటళ్లకు ఏమయిందో మన జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు. కోత్ దోర్ వైభవం కూడా అలాగే మాసిపోయింది.

మళ్లీ వెలిగిన దీపం

1975లో బెర్నార్ లువాజో అనే 24 ఏళ్ల యువకుడు అక్కడ వంటకు కుదిరారు. 1982లో ఆ హోటలును తానే కొన్నారు. వెన్న, మీగడ తగ్గించి, నీళ్లతో పలుచని రసాలు చేసి, పదార్థం అసలు రుచి తెలిసేలా వండడం ఆయన పద్ధతి. వెల్లుల్లి ముద్దతో వడ్డించే కప్ప కాళ్లు ఆయనకు పేరు తెచ్చిన వంటకం. మనకు వినడానికే వింతగా ఉన్నా, అక్కడ దాని కోసం దూరాల నుంచి వచ్చేవారు.

1991లో మూడు నక్షత్రాలు తిరిగి వచ్చాయి. గదులకూ భోజనశాలకూ చేసిన అప్పులు భారీగా ఉన్నాయి. 1998లో ఆయన తన సంస్థ వాటాలను స్టాక్ మార్కెట్టులో కూడా పెట్టారు. బయటికి చూస్తే అంతా వెలుగే.

ఆ తరువాత జనం అభిరుచి మారింది. తూర్పు దేశాల దినుసులు కలిపిన కొత్త వంటలు వాడుకలోకి వచ్చాయి. 2001లో అమెరికాపై దాడుల తరువాత ప్రయాణికులు తగ్గారు. 2003లో ‘గో మియో’ అనే మరో మార్గదర్శి ఆయనకిచ్చే మార్కులను ఇరవైకి 19 నుంచి 17కు తగ్గించింది. మిషెలిన్ నక్షత్రం కూడా పోతుందేమోనని పత్రికలు రాశాయి. 2003 ఫిబ్రవరి 24న లువాజో తన ప్రాణాన్ని తానే తీసుకున్నారు. వయస్సు 52. భార్య, ముగ్గురు పిల్లలు మిగిలారు.

ఇటువంటి మరణానికి ఒక్క కారణం చూపి తీర్పు చెప్పడం తగదు. ఆయన మనసు అంతకుముందు నుంచే కుంగి ఉన్నదని ఆయన జీవితాన్ని పరిశీలించినవారు చెప్పారు. కాని ఒక సంగతి గమనించండి. ఆ సంవత్సరపు మిషెలిన్ పుస్తకంలో మూడు నక్షత్రాలూ అలాగే ఉన్నాయి. పోతుందని భయపడినది అప్పటికింకా పోలేదు.

ఆయన భార్య దొమినిక్ హోటలు తలుపులు మూయలేదు. ఆయనతో ఏళ్ల తరబడి పనిచేసిన పాత్రిక్ బెర్త్రాన్ వంటశాల బాధ్యత మోశారు. మరో పదమూడేళ్లు మూడు నక్షత్రాలు నిలిచాయి. 2016లో ఒకటి నిజంగానే పోయింది. అయినా పొయ్యి ఆరలేదు, వడ్డన ఆగలేదు. నక్షత్రం పోయినా ఇల్లు నిలబడుతుందని ఆ ఇల్లే రుజువు చేసింది. ఆ మాట వినవలసిన మనిషి మాత్రం అప్పటికి లేరు.

మన ఇళ్లలో నక్షత్రాలు

మన ఇళ్లలోనూ ఈ నక్షత్రాలున్నాయి. ఇంటరు పిల్లవానికి అది ర్యాంకు. వేరుశెనగ వేసి వాన కోసం ఆకాశం చూసే రైతుకు అది అప్పులవాళ్ల ముందు పరువు. ఆడపిల్ల తండ్రికి అది నలుగురి మాట. సేవకునికి కూడా ఉండవచ్చు: ఆరాధనకు వచ్చేవారి సంఖ్య. మనిషి విలువ ఆ నక్షత్రానికే వేలాడదీస్తే, అది కదిలినప్పుడల్లా ప్రాణం కదులుతుంది.

ఏలీయాను జ్ఞాపకం చేసుకోండి. కర్మెలు కొండమీద అంత గొప్ప జయం చూసిన ప్రవక్త, మరి కొద్ది దినాలకే బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. మొదట నిద్రపోనిచ్చాడు. దూతను పంపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇప్పించాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఉపదేశం తరువాత వచ్చింది. రొట్టె ముందు వచ్చింది. రొట్టె విలువ తెలిసిన మన సీమవాసులకు ఈ క్రమం బాగా అర్థం కావాలి.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, ఫలితాలు వచ్చిన సాయంత్రం బిడ్డకు ముందు అన్నం పెట్టండి. మార్కుల మాట తెల్లవారి మాట్లాడవచ్చు. సంఘపెద్దలారా, పంట పోయినవాని ఇంటికి ప్రార్థనకే కాదు, లెక్కలు కలిసి చూడడానికీ వెళ్లండి. ఎవరైనా మాటలు తగ్గించి, తిండి తగ్గించి, తాను లేకపోతే బాగుండునని అంటే, అది విశ్వాసలోపమని కొట్టివేయకండి. పక్కన కూర్చోండి, వైద్యుని వద్దకు వెంట తీసుకువెళ్లండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సహాయ సంఖ్య 14416కు ఫోను చేసి ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మన బల్ల దగ్గర ఎవరికీ మార్కులు వేయకుండా ఉందుము గాక. ఓడి వచ్చినవానికి కూడా అక్కడ పీట ఉన్నదని ఇంట్లో ప్రతివారికీ ముందుగానే తెలియజేద్దాం. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక ఆ ఒక్క మాట నోరు తెరిచి చెప్పండి.