మీకు తెలుసా? తుమ్ములకు ఉప్పునీళ్లు

వానలు పడ్డాక ఛత్తీస్‌గఢ్‌లోని నవా రాయపూర్ సెక్టార్లలో ఓసారి తిరిగి చూడండి. విశాలమైన రోడ్లు, డివైడర్ల మీద కత్తిరించిన మొక్కలు. ఇళ్లు లేని ఖాళీ ప్లాట్లలో మాత్రం నడుమెత్తున గాజర్ ఘాస్. క్యారెట్ ఆకులాంటి ఆకు, కొసన చిన్నచిన్న తెల్లపూలు. మన ఊళ్లలో వయ్యారిభామ అనేది దీన్నే. తుమ్ములొస్తే 'వాతావరణం పడలేదు' అనేసి ఊరుకుంటాం గానీ, ఒకసారి పక్క ప్లాటు వంక కూడా చూడాలి.

* అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కలుపు మన దేశంలో 1955 ప్రాంతంలో పుణెలో కంటపడింది. దీని పుప్పొడి పడనివాళ్లకు తుమ్ములు, కళ్ల దురద. ఆకు తగిలితే కొందరికి దద్దుర్లు కూడా. దీన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో ఆకును జల్లెడ చేస్తుంది, వానలు తగ్గాక మట్టిలో దూరి పడుకుంటుంది. కాబట్టి పీకే పని మనకు తప్పదు. పూత రాకముందే, చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు వేసుకుని పీకాలి. ఎలర్జీ ఉన్నవాళ్లు ఆ ఛాయలకు వెళ్లకపోవడమే మేలు.

* ఇంటి చిట్కాల్లో నా ఓటు జలనేతికే. హఠయోగంలో పాత క్రియ ఇది, ఇప్పటి ముక్కు డాక్టర్లూ ఉప్పునీటితో ముక్కు కడుక్కోమంటున్నారు. లోపల అంటుకున్న పుప్పొడి, చీమిడి కొట్టుకుపోతాయి, అంతే. మంత్రమేమీ లేదు. ఒక గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్ల నీళ్లకు అయోడిన్ కలపని ఉప్పు పావు నుంచి అర చెంచా, చిటికెడు వంటసోడా. సింకు మీదకు వంగి, తల ఓ పక్కకు వాల్చి, నోటితో ఊపిరి తీస్తూ, పై ముక్కులో కొమ్ముచెంబుతో సన్నగా పోస్తే నీళ్లు రెండో ముక్కులోంచి కారిపోతాయి. ఉప్పు తగ్గితే మంట పుడుతుంది, ఎక్కువైనా అంతే.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. కుళాయిదో బోరుదో అలాగే పోయకూడదు. అమెరికాలోని లూసియానాలో 2011లో కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడు తినే అమీబా సోకి చనిపోయారు. కాబట్టి తెర్లకాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. చెంబు కూడా కడిగి ఆరబెట్టాలి.

* ఛత్తీస్‌గఢ్ అడవితేనె రుచికి వంక పెట్టలేం. అయితే స్థానిక తేనె తాగితే పుప్పొడి ఒంటికి అలవాటై ఎలర్జీ పోతుందన్న మాట నిలబడలేదు. అమెరికాలోని కనెక్టికట్‌లో 36 మందిని మూడు జట్లు చేసి స్థానిక తేనె, శుద్ధి చేసిన తేనె, తేనె రుచి కలిపిన మొక్కజొన్న పాకం ఇచ్చి చూశారు. 2002లో వచ్చిన ఫలితాల్లో మూడు జట్లకూ తేడా లేదు. తేనెటీగ మోసుకొచ్చేది ఎక్కువగా పూల జిగట పుప్పొడి. తుమ్మించేది చాలావరకు గాలికి ఎగిరే గడ్డి, కలుపు పుప్పొడి. ఏడాది నిండని పిల్లలకు తేనె అసలే పెట్టకూడదు.

* మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం 1845 నుంచి వస్తోందంటారు. ఉబ్బసం పోతుందని పొరుగు రాష్ట్రాల నుంచీ జనం వచ్చి, బతికున్న కొర్రమీను పిల్లను మందు ముద్దతో సహా గుటుక్కున మింగుతారు. కరోనాకు ఆగి 2023లో మళ్లీ మొదలైంది. పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. వెళ్లేవాళ్లను ఆపలేం గానీ, దాన్ని నమ్ముకుని ఇన్‌హేలర్ పక్కన పెట్టకండి. ఛాతీలో పిల్లికూతలు, ఆయాసం వస్తే నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

* దగ్గు మందుల సీసా మీద బ్రోమ్‌హెక్సిన్ అని ఉంటుంది, చూశారా? అది మన కంచెల్లో పెరిగే అడ్డసరంలోని వాసిసిన్ అనే రసాయనం నమూనాగా తయారైందే. కఫం పలచన చేస్తుంది. తుమ్ములకు మాత్రం దానితో పని లేదు.