ఓడ నాలుగున్నరకి.. మనం ఎప్పటికి?

మా నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. చివరి పన్నెండేళ్లూ బస్టాండులో కంట్రోలర్. ఏ బస్సు ఎన్నింటికి ప్లాట్‌ఫాం మీదికి రావాలి, ఎన్నింటికి కదలాలి అన్నది చూడటమే ఆయన ఉద్యోగం. పది గంటల రైలుకి ఎనిమిదింటికే స్టేషన్లో ఉండటం మా ఇంటి ఆచారం. చిన్నప్పుడు తెనాలి స్టేషన్లో ట్రంకు పెట్టె మీద కూర్చుని, మేం ఎక్కాల్సిన రైలు కంటే ముందు వెళ్లే రైళ్లన్నీ లెక్కపెట్టేవాళ్లం. అలాంటి మనిషికి నేను కెనడాలో ఓడ తప్పించాను.

2024 జూన్. అమ్మానాన్న సూపర్ వీసా మీద మా ఇంటికి, మిస్సిసాగాకి వచ్చి రెండు నెలలైంది. జూలైలో మా మేనకోడలి పెళ్లికి వాళ్లు తిరిగి వెళ్లిపోవాలి. ఈలోగా వ్యాంకూవర్ నుంచి అలాస్కా వెళ్లొచ్చే ఏడు రాత్రుల క్రూజ్ బుక్ చేశాను. మేం ముగ్గురం, వాళ్లిద్దరూ, మొత్తం ఐదుగురం. ఓడ శనివారం సాయంత్రం నాలుగున్నరకి. టొరంటో నుంచి అదే రోజు ఉదయం ఏడింటికి విమానం. ప్రయాణం ఐదు గంటలు, అక్కడి గడియారం మనకన్నా మూడు గంటలు వెనక. అంటే తొమ్మిదింటికి దిగుతాం. ఇంకా ఏడున్నర గంటలు చేతిలో ఉంటాయి. ముందు రోజు వెళితే రెండు హోటల్ గదులకి ఆరు వందల డాలర్ల పైమాట. దండగ అనుకున్నాను.

నాన్న టికెట్లు చూసి ఒక్కటే అడిగారు. "ఈ విమానం పోతే తర్వాతది ఎన్నింటికిరా?"

"పోదులే నాన్నా" అన్నాను.

ఏడింటి విమానం ముందు ఏడూ నలభై అన్నారు. తర్వాత తొమ్మిది. తర్వాత యంత్రంలో ఏదో లోపమని అందర్నీ దించి, ఇంకో విమానం తెచ్చారు. గాలిలోకి లేచేసరికి పన్నెండూ ఇరవై. వ్యాంకూవర్‌లో దిగేసరికి అక్కడి టైము రెండూ ఇరవై. పెట్టెలు బెల్టు మీదికి వచ్చేసరికి మూడు దాటింది. టాక్సీలో కెనడా ప్లేస్ రేవుకి చేరేసరికి మూడూ నలభై. చెక్-ఇన్ మూడింటికే మూసేశారు.

ఓడ అక్కడే ఉంది. అంత దగ్గరగా ఉంది కాబట్టే ఎక్కువ బాధ. కౌంటర్‌లో అమ్మాయి ఎవరితోనో ఫోన్లో మాట్లాడింది, తల అడ్డంగా ఊపింది. నాలుగున్నరకి ఓడ కదిలింది. పై అంతస్తుల్లో జనం ఒడ్డున ఉన్నవాళ్లకి చేతులు ఊపుతున్నారు. పదకొండేళ్ల మా అమ్మాయి కూడా తిరిగి ఊపింది, పాపం దానికి ఏం చేయాలో తెలియక. అమ్మ ఓడలో డిన్నర్‌కని తెచ్చుకున్న పట్టుచీర సంచిని ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "కంట్రోలర్ తప్పేం లేదురా" అన్నారంతే.

ఓడ ఎందుకు ఆగదు?

అయిదుగురి కోసం ఇంకో గంట ఆగితే వాళ్ల సొమ్మేం పోయింది అని ఆ రాత్రి నేనూ తిట్టుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది. వ్యాంకూవర్ నుంచి ఉత్తరానికి లోపలి దారిన వెళ్లే ఓడలు క్యాంప్‌బెల్ రివర్ ఊరి దగ్గర సేమూర్ నారోస్ అనే ఇరుకు జలసంధి దాటాలి. ఆటుపోట్ల వేళ అక్కడి ప్రవాహం 15 నాట్ల వరకు ఉంటుంది. ఆ దారి మధ్యలో ఓడల్ని ముంచుతూ వచ్చిన రిపుల్ రాక్ అనే బండను 1958 ఏప్రిల్ 5న పేల్చేశారు కానీ, ప్రవాహాన్ని ఎవరు పేల్చగలరు? పోటుకీ ఆటుకీ మధ్య నీరు కాసేపు నిలకడగా ఉండే సమయం చూసుకుని పెద్ద ఓడలు అక్కడ దాటుతాయి. ఇక్కడ బయల్దేరే టైముకి ఆ లెక్క ముడిపడి ఉంటుంది. పెళ్లి ముహూర్తం లాంటిదే, కాకపోతే పంతులుగారిని బతిమాలే వీలు లేదు.

"తర్వాతి రేవులో ఎక్కొచ్చు కదా" అని చాలామంది అడిగారు. మా ఓడ వ్యాంకూవర్‌లో మొదలై వ్యాంకూవర్‌కే వచ్చేది కాబట్టి, రెండు రోజుల తర్వాత కెచికన్‌లో ఎక్కడానికి ఒప్పుకున్నారు. కెచికన్ దీవి మీది ఊరు, రోడ్డు దారి లేదు. సియాటెల్ మీదుగా విమానంలో వెళ్లాలి. ఐదు టికెట్లు, మధ్యలో రెండు రాత్రుల హోటల్ లెక్కేస్తే క్రూజ్‌కి కట్టినదాంట్లో దాదాపు సగం. అమ్మ వద్దంది.

కానీ అందరికీ ఆ అవకాశం కూడా ఉండదు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న మనిషిని మధ్యలో దూరదేశపు రేవు ఏదీ తాకకుండా మరో అమెరికా రేవులో దింపకూడదు. దీని లెక్కలో కెనడా దూరదేశం కాదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. వ్యాంకూవర్ నుంచి అలాస్కాలోని సూవర్డ్‌కి ఒకవైపు వెళ్లే ఓడ తప్పిపోయి కెచికన్‌లో ఎక్కుతామంటే, ఎక్కేదీ అమెరికాలోనే, దిగేదీ అమెరికాలోనే. కుదరదంటారు. సియాటెల్‌లో మొదలై సియాటెల్‌లో ముగిసే ఓడని జూనోలో అందుకుందామన్నా ఇదే చిక్కు. బుక్ చేసేటప్పుడు ఈ సంగతి ఏ ఏజెంటూ మనకి చెప్పడు. మనమూ అడగం.

డబ్బు సంగతి. విమానం మూడు నుంచి ఆరు గంటలు ఆలస్యమైతే కెనడాలో పెద్ద విమాన సంస్థలు మనిషికి 400 డాలర్లు ఇవ్వాలి, తొమ్మిది గంటలు దాటితే 1,000. 2019లో వచ్చిన నిబంధనలివి. అయితే అది సంస్థ చేతిలో ఉన్న కారణం అయ్యుండాలి, భద్రత కోసం ఆపింది అయ్యుండకూడదు. మాది భద్రత ఖాతాలోకి వెళ్లింది. పైసా రాలేదు. వచ్చినా, అది విమానం ఆలస్యానికి ఇచ్చే సొమ్మే, తప్పిన ఓడకి కాదు. నేను ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోలేదు. అమ్మానాన్నలకి సూపర్ వీసా కోసం తీసిన లక్ష డాలర్ల పాలసీ ఉందిగా అని ధైర్యం. అది వైద్యానికి. ఓడ తప్పితే పనికిరాదు. అలాస్కాలో జబ్బు చేస్తే వర్తిస్తుందో లేదో కూడా నేను అప్పటిదాకా చదవలేదు.

ఈసారి లెక్క

పోయిన ఏడాది ఏప్రిల్‌లో, అంటే 2025లో, వాళ్లు మళ్లీ వచ్చారు. అమ్మ మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. ఈసారి కాకపోతే ఇంకెప్పుడూ కాదని నాకూ మా ఆవిడకీ తెలుసు, పైకి అనుకోలేదు. జూన్‌కి బుక్ చేశాం. ఓడ మళ్లీ శనివారమే.

ఎప్పుడు వెళ్లాలన్నది నాన్న అడిగిన ప్రశ్నతోనే తేల్చాను. విమానం దిగడానికీ ఓడ కదలడానికీ మధ్య ఎన్ని గంటలున్నాయన్నది నేను వేసిన తప్పు లెక్క. అసలు చూడాల్సింది, ఈ విమానం రద్దయితే ఓడ కదిలేలోపు మనల్ని చేర్చగల విమానాలు ఇంకెన్ని ఉన్నాయి, వాటిలో ఐదు సీట్లు దొరుకుతాయా అన్నది. టొరంటో నుంచి వ్యాంకూవర్‌కి రోజూ బోలెడు విమానాలున్నాయి. కానీ జూన్ శనివారం ఉదయం వాటిలో ఐదు ఖాళీలు ఎక్కడివి? శుక్రవారం ఉదయం బయల్దేరితే ఆ రోజు మిగతా విమానాలూ, శనివారం తెల్లవారు విమానాలూ మనకి మిగులుతాయి. ఇద్దరే అయితే నేను అక్కడితో ఆగేవాణ్ణి. డెబ్బై దాటినవాళ్లు ఉన్నారని గురువారం సాయంత్రం విమానం తీసుకున్నాను.

రెజైనా, సెయింట్ జాన్స్ లాంటి చోట్ల నుంచి వచ్చే మనవాళ్లకి ఒక రోజు సరిపోదనే అంటాను. అక్కడి విమానాలు తక్కువ, చాలాసార్లు మధ్యలో ఇంకో ఊర్లో మారాల్సి వస్తుంది. హైదరాబాద్ నుంచి నేరుగా క్రూజ్‌కే వస్తున్న తల్లిదండ్రులకైతే మూడు రోజులు. పన్నెండున్నర గంటల కాలభేదంతో వచ్చినవాళ్లని మర్నాడే క్యూలో నిలబెట్టడం అన్యాయం. కాల్గరీ వాళ్లు కారులో వచ్చేస్తాం అంటారు. దాదాపు వెయ్యి కిలోమీటర్ల కొండదారి. 2023 ఆగస్టులో కెలోనా చుట్టూ కార్చిచ్చు రేగినప్పుడు అక్కడి విమాన రాకపోకలూ ఆగాయి, దారిలో ట్రాన్స్-కెనడా హైవే కొంతమేర మూతపడింది.

చలికాలంలో ఫ్లోరిడా వెళ్లి కరీబియన్ ఓడ ఎక్కేవాళ్లకి మాత్రం నా సలహా ఖచ్చితం. రెండు రోజులు. మంచు ఒక్కటే కాదు. 2025 ఫిబ్రవరి 17న, ఫ్యామిలీ డే నాడు, పియర్సన్‌లో దిగుతూ ఒక విమానం తలకిందులైంది. అందులో ఉన్న 80 మందీ ప్రాణాలతో బయటపడ్డారు, అదే పదివేలు. కానీ రన్‌వేలు రెండు కొన్ని రోజుల పాటు మూతపడి, ఎందరి ప్రయాణాలో తారుమారయ్యాయి.

అయినా ఎన్ని రోజులు ముందు వెళ్లినా కొన్నిటికి మందు లేదు. మేం ఓడ తప్పిన రెండు వారాలకే, కెనడా డే వారాంతంలో వెస్ట్‌జెట్ మెకానిక్కులు సమ్మె చేస్తే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. 2025 ఆగస్టు 16న ఎయిర్ కెనడా విమాన సిబ్బంది సమ్మెకి దిగారు. 19న ఒప్పందం కుదిరింది. 72 గంటల ముందే నోటీసు వచ్చింది కాబట్టి, వార్తలు చూసుకుని టికెట్ ముందుకి జరుపుకున్నవాళ్లు కొందరు గట్టెక్కి ఉంటారు. సమ్మె మాట వార్తల్లోకి వచ్చాక కొన్న ఇన్సూరెన్స్ ఆ సమ్మెకి సాధారణంగా వర్తించదు. అందుకే ఈసారి క్రూజ్‌కి అడ్వాన్స్ కట్టిన రోజే పాలసీ తీసుకున్నాను. ఓడకి ఎన్ని గంటల ముందు విమానం దిగేలా ఉండాలన్న షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది, అదీ చదివాను.

ఇంకో మాట. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి, కెనడా పీఆర్ అయినా సరే, అలాస్కా క్రూజ్‌కి అమెరికా వీసా కావాలి. ఆ తనిఖీ ఎక్కడో అలాస్కాలో కాదు, ఓడ ఎక్కే ముందు కెనడా ప్లేస్‌లోనే జరుగుతుంది. మూడు ఓడలు ఒకేసారి ఉన్న రోజున ఆ క్యూ తిరుపతి కంపార్టుమెంట్లని గుర్తు చేస్తుంది. అమ్మానాన్నలకి డల్లాస్‌లో ఉన్న మా అక్క పుణ్యమా అని పదేళ్ల వీసా ఉంది. లేనివాళ్లు హోటల్ సంగతి తర్వాత, ముందు ఇది చూసుకోవాలి.

గురువారం రాత్రి విమానం గంటన్నర ఆలస్యంగా దిగింది. ఎవరికీ పట్టలేదు. రిచ్‌మండ్‌లో హోటల్ తీసుకున్నాం, డౌన్‌టౌన్ కంటే చవక. అక్కడి నుంచి కెనడా లైన్ రైలు నేరుగా వాటర్‌ఫ్రంట్ స్టేషన్‌కి వెళుతుంది. దిగి నాలుగడుగులు వేస్తే కెనడా ప్లేస్.

దండగ అనుకున్న ఆ శుక్రవారమే మా ప్రయాణంలో నాకు బాగా గుర్తున్న రోజు. రేవు పక్కన నీటి ఒడ్డునే నడుస్తూ హార్బర్ గ్రీన్ పార్కు దాకా వెళ్లాం. అక్కడ కొమగట మారు స్మారకం ఉంది. 1914 మే 23న 376 మందితో ఈ నీళ్లలోకే వచ్చిన ఓడ అది. ఎక్కువమంది పంజాబీలు. కొద్దిమందిని తప్ప ఎవరినీ దిగనివ్వలేదు. రెండు నెలలు ఒడ్డుకి కనుచూపు మేరలో నిలబెట్టి, జూలై 23న వెనక్కి పంపేశారు. మా అమ్మాయికి ఆ కథ చెబుతుంటే నాన్న పేర్ల పలక ముందు చాలాసేపు నిలబడ్డారు. "మనం ఓడ ఎక్కలేదని ఏడ్చాం. వీళ్లని దిగనివ్వలేదు" అంది అమ్మ.

శనివారం పన్నెండింటికే క్యూలో ఉన్నాం. రెండింటికల్లా ఓడ మీద భోజనం చేస్తున్నాం. నాలుగింటికి నాన్న పై డెక్ మీద రెయిలింగ్ పట్టుకుని రేవు వైపే చూస్తూ నిలబడ్డారు. ఏం చూస్తున్నారని అడిగితే, "ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారేమోనని" అన్నారు.

ఎవరూ రాలేదు. నాలుగున్నరకి హారన్ మోగింది. నాన్న వాచీ చూసుకున్నారు. రెయిలింగ్ మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, తనలో తను అనుకున్నట్టు అన్నారు.

"రైట్.. రైట్."