చేయగలను, చేయగలిగాను: ఇంగ్లీషులో సామర్థ్యాన్ని చెప్పే తీరు

ఒక మనిషికి ఒక భాష ఎంతవరకు వచ్చో కొలవడానికి యూరప్ కౌన్సిల్ 2001లో వెలువరించిన ఉమ్మడి ప్రమాణాల చట్రం, అభ్యాసకులను ఏ1 నుంచి సీ2 వరకు ఆరు స్థాయులుగా విభజించింది. అయితే ప్రతి స్థాయినీ వారికి ఎన్ని వ్యాకరణ సూత్రాలు తెలుసునన్న లెక్కతో కాక, ఆ భాషతో వారు ఏమేం చేయగలరన్న వాక్యాలతో వర్ణించింది. మొదటి స్థాయిలో ఉన్న వ్యక్తి తనను తాను పరిచయం చేసుకోగలడు, ఎక్కడ ఉంటున్నాడో చెప్పగలడు, ఎదుటివారు నెమ్మదిగా మాట్లాడితే చిన్న సంభాషణ నడపగలడు. ఇంగ్లీషు మూలంలో ఈ వర్ణనలన్నీ ‘క్యాన్’ అనే చిన్న క్రియ మీద ఆధారపడినవి కావడంతో వాటికి ‘క్యాన్ డూ’ వాక్యాలన్న పేరు స్థిరపడింది. ఉద్యోగానికి వెళ్లినవారు తమకు వచ్చిన పని గురించి చెప్పుకోవాలన్నా, చేతకాని పనిని మర్యాదగా కాదనాలన్నా ఈ క్రియే కావాలి గనుక, ప్రాథమిక ఇంగ్లీషు పాఠాల్లో దానికి తొలి వరుసలోనే చోటు దక్కుతుంది.

తెలుగువారికి ఈ పాఠంలో ఎదురయ్యే చిక్కు భావానికి సంబంధించినది కాదు. సామర్థ్యంలోని తేడాలను తెలుగు ఇంగ్లీషు కన్నా వివరంగా వేరు చేసి చూపుతుంది. ఆ తేడాల్లో కొన్నిటిని ఇంగ్లీషు ఒకే మాటలో కలిపేస్తుంది, కొన్నిటిని అచ్చంగా తెలుగులాగే విడదీస్తుంది. ఎక్కడ కలుపుతుందో, ఎక్కడ విడదీస్తుందో తెలుసుకున్నవారికి ఈ పాఠంలో సగానికి పైగా ముందే వచ్చినట్టు.

తెలుగులో నేర్చుకున్న విద్యను చెప్పడానికి ‘వచ్చు’ ఉంది. ‘నాకు ఈత వచ్చు’, ‘ఆమెకు కుట్టుపని వచ్చు’ అన్నప్పుడు విద్య కర్తగా నిలిచి, మనిషి పేరు ‘కు’ విభక్తి తీసుకుంటుంది. ఒంట్లోని శక్తినో, పరిస్థితి కల్పించిన వీలునో చెప్పడానికి ‘గల’ ఉంది: ‘ఈ బస్తా మోయగలను’, కాదంటే ‘మోయలేను’. అనుమతి ఇవ్వడానికి క్రియకు చివర చేరే ‘వచ్చు’ ఉంది: ‘లోపలికి రావచ్చు’, కాదంటే ‘రాకూడదు’. ఇంగ్లీషులో ఈ మూడు పనులనూ ‘క్యాన్’ ఒక్కటే చేస్తుంది. ‘ఐ క్యాన్ స్విమ్’ విద్యను చెబుతుంది, ‘ఐ క్యాన్ లిఫ్ట్ దిస్ బ్యాగ్’ శక్తిని చెబుతుంది, ‘యూ క్యాన్ కమ్ ఇన్’ అనుమతిని చెబుతుంది. ఏది ఏ అర్థమో సందర్భమే తేలుస్తుంది. తెలుగువారి నోట ‘ఐ నో డ్రైవింగ్’ అన్న వాక్యం తరచుగా వినిపించడానికి కారణం ఇక్కడే ఉంది. ‘నాకు డ్రైవింగ్ వచ్చు’ అన్నదానిలో ‘గల’ కనిపించదు గనుక ‘క్యాన్’ గుర్తుకు రాదు, దాని బదులు తెలుసుననే అర్థమున్న ‘నో’ ముందుకొస్తుంది. ఆ వాక్యం వినేవారికి అర్థమైనా, సహజమైన ఇంగ్లీషు ‘ఐ క్యాన్ డ్రైవ్’.

‘క్యాన్’ చరిత్ర చూస్తే ఈ కలగాపులగం అకారణంగా రాలేదని తెలుస్తుంది. ప్రాచీన ఇంగ్లీషులో దీని పూర్వరూపమైన ‘కున్నన్’ అనే క్రియకు తెలుసుకొని ఉండడం, ఒక పని చేసే పద్ధతి ఎరిగి ఉండడం అన్న అర్థాలుండేవి. శారీరక శక్తిని, వీలును చెప్పే పని ఎక్కువగా నేటి ‘మే’కు పూర్వరూపమైన ‘మగన్’ అనే క్రియది. కాలక్రమంలో ‘మే’ అనుమతి వైపు, సంభావ్యత వైపు జరిగిపోగా, శక్తిని చెప్పే బాధ్యత కూడా ‘క్యాన్’ మీద పడింది. తర్వాతి కాలంలో అనుమతిలోనూ అది భాగం పంచుకుంది.

‘క్యాన్’ను వ్యాకరణంలో మోడల్ క్రియ అంటారు. ప్రధాన క్రియ పక్కన నిలిచి సామర్థ్యం, అనుమతి, బాధ్యత, సంభావ్యత వంటి భావాలను జోడించే సహాయక క్రియ అని ఆ పదానికి అర్థం. ‘క్యాన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్’ అనే తొమ్మిది ఈ కుటుంబంలో ముఖ్యమైనవి. తెలుగులో కర్తను బట్టి ‘గలను, గలవు, గలడు, గలదు, గలరు’ అని రూపం మారుతుంది గాని ఇంగ్లీషులో ‘ఐ క్యాన్’ అన్నా ‘షీ క్యాన్’ అన్నా మార్పు లేదు. మూడో పురుష ఏకవచనంలో మిగతా క్రియలకు చేరే ‘ఎస్’ కూడా దీనికి చేరదు. దీని తర్వాత వచ్చే క్రియ ‘టు’ లేకుండా మూలరూపంలోనే ఉంటుంది కాబట్టి ‘షీ క్యాన్ టు స్విమ్’, ‘షీ క్యాన్ స్విమ్స్’ అన్నవి రెండూ తప్పే. ప్రశ్నకు ‘డూ’ సాయం అక్కరలేదు, ‘క్యాన్’నే కర్తకు ముందుకు తెస్తే ‘క్యాన్ షీ స్విమ్?’ అవుతుంది; కాదనడానికి ‘నాట్’ చేరిస్తే చాలు.

ఇదే అర్థాన్ని చెప్పే ‘బి ఏబుల్ టు’ మాత్రం మోడల్ కుటుంబంలోనిది కాదు. అందులోని ‘ఏబుల్’ విశేషణం, ‘బి’ మామూలు క్రియ కాబట్టి ‘యామ్, ఈజ్, వజ్, వర్’ అంటూ కాలానికీ కర్తకూ తగినట్టు మారుతుంది. తెలుగునాట విరివిగా వినిపించే ‘ఐ క్యాన్ ఏబుల్ టు డూ’ అన్న వాక్యం ఈ రెండు వేర్వేరు నిర్మాణాలను ఒకే మాటగా కలిపేయడం వల్ల పుట్టింది. ‘క్యాన్’ ఉన్నచోట ‘ఏబుల్ టు’ అవసరం లేదు, ‘ఏబుల్ టు’ ఉన్నచోట ముందు ‘బి’ రూపమే ఉండాలి. అలాగని రెండోది వృథా కాదు. ఒక మోడల్ పక్కన మరో మోడల్ నిలవదు గనుక ‘విల్ క్యాన్’ అనడం కుదరదు, అక్కడ ‘విల్ బి ఏబుల్ టు’ అనాల్సిందే. తెలుగులోనూ ఇందుకు దగ్గరి తేడా ఉంది. ఇప్పుడున్న వీలుతో మాట ఇచ్చే ‘రేపు రాగలను’ అన్నదానికి ‘ఐ క్యాన్ కమ్ టుమారో’ సరిపోతుంది. ఇంకా అలవడని శక్తి మున్ముందు అలవడుతుందని చెప్పే ‘ఆరు నెలల్లో ఇంగ్లీషు మాట్లాడగలుగుతాను’ అన్నదానికి ‘ఐ విల్ బి ఏబుల్ టు స్పీక్’ కావాలి.

ఈ పాఠంలో అతి సున్నితమైన భాగం భూతకాలం. ‘క్యాన్’కు భూతకాల రూపం ‘కుడ్’ అని బట్టీ పట్టినవారు ‘నిన్న పని పూర్తి చేయగలిగాను’ అన్నదాన్ని ‘ఐ కుడ్ ఫినిష్ ద వర్క్ యెస్టర్‌డే’ అంటారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న శ్రోతకు ఆ వాక్యంలో పని నిజంగా అయిందో లేదో తేలదు. ఎఫ్. ఆర్. పామర్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త 1979లో వెలువరించిన మోడల్ క్రియల అధ్యయనంలో ఈ అంశాన్ని వివరంగా చర్చించారు. గతంలో ఒక శక్తి ఉండేదని మాత్రమే చెప్పదలిస్తే ‘కుడ్’ సరిపోతుంది. ఒక సందర్భంలో ఆ శక్తితో పని నిజంగా జరిగిందని చెప్పాలంటే ‘వజ్ ఏబుల్ టు’ లేదా ‘మేనేజ్డ్ టు’ కావాలి. తెలుగు ఈ భేదాన్ని క్రియారూపంలోనే పాటిస్తుంది. ‘చిన్నప్పుడు తాత తాటిచెట్టు ఎక్కగలిగేవాడు’ అన్నది అప్పటి శక్తి, కాబట్టి ‘హీ కుడ్ క్లైమ్’. ‘తాళంచెవి పోయినా నిన్న లోపలికి వెళ్లగలిగాడు’ అన్నది జరిగిన పని, కాబట్టి ‘హీ వజ్ ఏబుల్ టు గెట్ ఇన్’. ‘గలిగేవాడు’ వచ్చినచోట ‘కుడ్’, ‘గలిగాడు’ వచ్చినచోట ‘వజ్ ఏబుల్ టు’ అని గుర్తు పెట్టుకుంటే, ఇతర దేశాల అభ్యాసకులు చాలాకాలం తడబడే ఈ చోట తెలుగు అభ్యాసకుడు నిబ్బరంగా నడవగలడు.

కాదని చెప్పేటప్పుడు ఈ భేదం కరిగిపోతుంది. శక్తి ఉన్నంత మాత్రాన పని జరిగి తీరాలని లేదు గాని, శక్తి లేనప్పుడు పని జరగకపోవడం ఖాయం. అందువల్ల ‘నిన్న వెళ్లలేకపోయాడు’ అన్నదానికి ‘కుడ్ నాట్ గో’ అన్నా ‘వజ్ నాట్ ఏబుల్ టు గో’ అన్నా ఒప్పే. చూపు, వినికిడి వంటి ఇంద్రియ జ్ఞానానిది మరో దారి. ‘బోర్డు కనిపిస్తోంది’, ‘మీ మాట వినిపించడం లేదు’ అనే తెలుగు వాక్యాల్లో సామర్థ్యం ఊసే లేకపోయినా ఇంగ్లీషు అక్కడ ‘ఐ క్యాన్ సీ ద బోర్డ్’, ‘ఐ కాంట్ హియర్ యూ’ అంటుంది. ఇలాంటి క్రియలతో ఒకే ఒక్క గత సందర్భానికి కూడా ‘కుడ్’ చెల్లుతుంది. ఎదుటివారిని సాయం కోరే ‘కుడ్ యూ హెల్ప్ మీ?’లో ఉన్నది రూపానికి భూతకాలమే అయినా భావానికి మర్యాద.

రాతలో ఇంత చక్కగా కుదిరినా, ఉచ్చారణలో పొరపడితే అర్థం తలకిందులయ్యే ప్రమాదం ఉంది. ఇంగ్లీషు మాట్లాడేవారు ‘ఐ క్యాన్ స్విమ్’ అన్నప్పుడు బలమంతా ‘స్విమ్’ మీద పెట్టి, ‘క్యాన్’ను ‘కన్’ అన్నట్టు తేల్చేస్తారు. కాదన్నప్పుడు ఆ సహాయక క్రియకూ బలం వస్తుంది. బ్రిటిష్ ఉచ్చారణలో అది ‘కాంట్’, అమెరికన్ ఉచ్చారణలో ‘క్యాంట్’. అమెరికన్ల మాటలో చివరి ‘ట్’ చాలాసార్లు పూర్తిగా పలకదు గనుక, అవునో కాదో అక్కడి శ్రోత ప్రధానంగా అచ్చును, ఊనికను బట్టే పోల్చుకుంటాడు. తెలుగులో ప్రతి అచ్చునూ నిండుగా పలకడం అలవాటు కావడంతో, తెలుగువారు స్పష్టంగా ఒత్తి పలికిన ‘క్యాన్’ అతని చెవికి ‘క్యాంట్’లా సోకవచ్చు. ఇంటర్వ్యూలో ‘చేయగలను’ అన్న జవాబు ‘చేయలేను’గా వినిపిస్తే జరిగే నష్టం చిన్నది కాదు కాబట్టి, ఈ ఊనికను నోటితో సాధన చేయించడం పాఠంలో భాగం కావాలి. ‘కుడ్’ స్పెల్లింగులోని ‘ఎల్’ మాత్రం ఉచ్చారణకు సంబంధించినది కాదు, ‘వుడ్, షుడ్’ స్పెల్లింగులను చూసి తర్వాత చేర్చింది.

మాతృభాషను తరగతి గది బయట ఉంచితేనే ఇంగ్లీషు త్వరగా వస్తుందన్న నమ్మకం ఇప్పటికీ బలంగా ఉన్నా, సామర్థ్యాన్ని చెప్పే ఈ పాఠం ఆ నమ్మకాన్ని సమర్థించదు. ‘ఎక్కగలిగేవాడు, వెళ్లగలిగాడు’ అన్న రెండు మాటల మధ్య తేడా తెలుగు పిల్లలకు బడికి రాకముందే తెలుసు. దాన్ని గుర్తు చేయకుండా ‘కుడ్’కూ ‘వజ్ ఏబుల్ టు’కూ ఉన్న భేదాన్ని సూత్రంగా బట్టీ పట్టించడం వారి చేతిలో ఉన్న పనిముట్టును లాక్కొని కొత్తది వెతకమనడమే. తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు వాక్యం పక్కన పెట్టి, రెండూ కలిసే చోటును, విడిపోయే చోటును చూపించి, ఆ తర్వాత నోటితో పలికించే ఉపాధ్యాయుడు తన విద్యార్థులు పరీక్షలో ఖాళీలు పూరించడంతో ఆగిపోకుండా, తాము చేయగలిగిన పనిని కొత్త భాషలో ధైర్యంగా చెప్పుకునేలా తీర్చిదిద్దగలడు.