గణాంక సాఫ్టువేర్ల ఫలితాల పోలిక

ఒకే దత్తాంశాన్ని రెండు లేక అంతకంటే ఎక్కువ గణాంక సాఫ్టువేర్లలో విశ్లేషించి, వచ్చిన జవాబులను సరిచూడటాన్ని '''గణాంక సాఫ్టువేర్ల ఫలితాల పోలిక''' అంటారు. జవాబులు వేరుగా వచ్చినంత మాత్రాన ఏదో ఒక సాఫ్టువేరు తప్పు చేసిందని చెప్పలేము. ఒకే పేరుతో వేర్వేరు సూత్రాలు వాడుకలో ఉండటమే తరచు ఇందుకు కారణం.

== అవసరం ==
పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం సమీపాన గల వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఈ ప్రాంతంలో కొబ్బరి, కోకో, ఆయిల్ పామ్ తోటలు విస్తారం. ఏ రకం మొక్క ఎక్కువ దిగుబడి ఇస్తుందో క్షేత్ర ప్రయోగాల లెక్కలే తేల్చాలి. ఆ లెక్కను నమ్మి రైతు నాటిన కొబ్బరి చెట్టు దశాబ్దాల పాటు తోటలో ఉంటుంది. కనుక లెక్క ఏ పద్ధతిలో కట్టబడినదో తెలియడం ముఖ్యం.

== ఒక ఉదాహరణ ==
ఎనిమిది కొబ్బరి చెట్ల ఏడాది కాపు వరుసగా 60, 70, 80, 90, 100, 110, 120, 130 కాయలు అనుకుందాం. వీటి సగటు 95. ఇది ఏ సాఫ్టువేరులోనైనా ఒకటే. మొదటి చతుర్థాంశం మాత్రం, ఎంపికలేవీ మార్చకుండా అడిగితే, ఇలా వస్తుంది:
* ఆర్ భాషలోనూ, ఎక్సెల్ పాత చతుర్థాంశ ప్రమేయంలోనూ: 77.5
* శాస్‌లో: 75
* ఎస్.పి.ఎస్.ఎస్.లో: 72.5

మూడూ సరైనవే. రెండవ, మూడవ విలువల మధ్య ఎంత దూరంలో ఆగాలన్న నియమం మాత్రమే వేరు. హిండ్‌మన్, ఫాన్ అనే శాస్త్రవేత్తలు 1996లో ఇటువంటి నిర్వచనాలను తొమ్మిదిగా వర్గీకరించారు.

క్రమ విచలనంలోనూ ఇదే చిక్కు ఉన్నది. పై విలువల విచలనాల వర్గాల మొత్తం 4200. దానిని 7తో భాగించి వర్గమూలం తీస్తే 24.49, 8తో భాగిస్తే 22.91. ఆర్, శాస్, ఎస్.పి.ఎస్.ఎస్. మొదటిదాన్ని ఇస్తాయి. పైథాన్ భాషలోని నంపై రెండవదాన్ని ఇస్తుంది.

== విస్తృతి విశ్లేషణ ==
ప్రయోగంలో కొన్ని మొక్కలు చనిపోతే మడులలో మొక్కల సంఖ్య అసమానమవుతుంది. అప్పుడు వర్గాల మొత్తాన్ని పంచే పద్ధతిని బట్టి నిర్ణయమే మారవచ్చు. ఆర్ సాధారణంగా మొదటి రకం పద్ధతిని వాడుతుంది. ఇందులో రకం, ఎరువు వంటి కారకాలను ఏ వరుసలో వ్రాశామన్నది ఫలితాన్ని మారుస్తుంది. ఎస్.పి.ఎస్.ఎస్. మూడవ రకాన్ని వాడుతుంది. శాస్‌లోని సాధారణ రేఖీయ నమూనా విధానం రెండింటినీ చూపుతుంది. మొక్కల సంఖ్య అన్ని మడులలో సమానంగా ఉంటే ఈ తేడా రాదు.

== నిజమైన దోషాలు ==
అన్ని తేడాలూ నిర్వచనాల వలన కలిగేవి కావు. 2003కు ముందరి ఎక్సెల్ రూపాలలో, చాలా పెద్ద సంఖ్యల మధ్య స్వల్ప తేడాలు ఉన్నపుడు విస్తృతి తప్పుగా వచ్చేది. 2003 రూపంలో ఆ గణన పద్ధతిని మార్చారు. ఇటువంటి దోషాలను పట్టుకొనడానికి అమెరికా ప్రమాణాల సంస్థ, జవాబులు ముందే నిర్ధారించిన దత్తాంశాలను అందుబాటులో ఉంచింది.

== పాటించవలసిన పద్ధతి ==
ముందుగా చేతితో కట్టగల చిన్న దత్తాంశంతో సాఫ్టువేరును పరీక్షించాలి. తేడా వస్తే ఖాళీ గడుల లెక్కింపు, భాజకం, వాడిన సూత్రం సరిచూడాలి. నివేదికలో జవాబుతో పాటు సాఫ్టువేరు పేరు, రూపాంతరం, పద్ధతి తెలపాలి. నచ్చిన జవాబు ఇచ్చిన సాఫ్టువేరును ఎంచుకొనడం పోలిక అనిపించుకోదు. పద్ధతిని లెక్కకు ముందే నిర్ణయించుకోవాలి.