పొరుగు పోటీకి షెడ్యూలులో చోటేది?

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో యూజీన్, కోర్వాలిస్ నగరాల మధ్య దూరం సుమారు 65 కిలోమీటర్లు. మొదటిది ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి, రెండోది ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి నెలవు. వీటి మధ్య ఫుట్‌బాల్ పోటీ 1894లో మొదలైంది. ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతిని చేతపట్టి పరుగెత్తే అమెరికన్ క్రీడ. కొన్ని దశాబ్దాలుగా సాధారణంగా నవంబరులో జరిగే ఈ మ్యాచ్ ఆ రాష్ట్రాన్ని రెండు శిబిరాలుగా చీల్చేది.

అక్కడి విశ్వవిద్యాలయాలు ‘కాన్ఫరెన్స్’లనే కూటములుగా ఏర్పడి ప్రధానంగా తమలో తాము ఆడతాయి, ప్రసార హక్కులను ఉమ్మడిగా విక్రయిస్తాయి. చిక్కంతా ఈ రెండో పనితోనే వచ్చింది. మెరుగైన ప్రసార ఆదాయాన్ని ఆశించి 2024లో పది విశ్వవిద్యాలయాలు పశ్చిమ ప్రాంతపు ‘పాక్-12’ను వీడాయి. ఒరెగాన్ ‘బిగ్ టెన్’లో చేరగా, ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలాయి.

ఫలితంగా ఖండానికి ఆవలి ఒడ్డున, న్యూజెర్సీలో ఉన్న రట్గర్స్ ఒరెగాన్‌కు కూటమి సహచరి అయింది. పొరుగు జట్టు పరాయిదైంది. నవంబరు కూటమి మ్యాచ్‌లకు పోవడంతో పాత పోటీ సెప్టెంబరుకు జరిగింది. 2022లో 38-34తో నెగ్గిన ఒరెగాన్ స్టేట్, 2024లో 14-49తో, 2025లో 7-41తో ఓడింది. పూర్వం కూటమి షెడ్యూలే ఈ పోటీకి హామీ. ఇప్పుడు రెండు విశ్వవిద్యాలయాలూ విడిగా ఒప్పందం కుదుర్చుకోవాలి. ఆ చర్చల్లో పైచేయి ఎవరిదో చెప్పనక్కరలేదు.