పేరు పోయినా చోటు వదలని ఇమేజ్‌లు

సర్వర్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఇప్పుడు కంటైనర్ల రూపంలోనే ఉంటోంది. ఒక ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన లైబ్రరీలనూ, సెట్టింగులనూ కలిపి కట్టిన మూట పేరు కంటైనర్ ఇమేజ్. దాని ఆధారంగా నడిచేది కంటైనర్. 2013లో డాకర్ అనే సాధనం వచ్చాక ఈ పద్ధతి విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. వినాయక చవితికి మట్టి ప్రతిమలు తీసే అచ్చుతో ఇమేజ్‌ను పోల్చవచ్చు. ఒకే అచ్చుతో ఎన్ని ప్రతిమలైనా తీయొచ్చు. అయితే ప్రతిమ తీశాక అచ్చును పక్కన పెట్టేయొచ్చు, కంటైనర్‌కు అలా కుదరదు. అది ఇమేజ్‌లోని ఫైళ్లను నకలు తీసుకోదు. వాటి మీదే నిలబడి, తాను మార్చినవాటిని మాత్రం పైన ఒక పలుచని పొరలో రాసుకుంటుంది. అందుకే నడుస్తున్న కంటైనర్ కింది ఇమేజ్‌ను డాకర్ తీయనివ్వదు.

చిక్కు అప్‌డేట్ దగ్గర మొదలవుతుంది. కంటైనర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను ఉన్నచోటే మార్చరు. కొత్త ఇమేజ్‌ను దింపుకుని, పాత కంటైనర్‌ను ఆపి తీసేసి, కొత్తదానితో మరో కంటైనర్ మొదలుపెడతారు. ఇమేజ్‌కు ఉండే ‘లేటెస్ట్’ లాంటి ట్యాగ్ ఇంటి గుమ్మానికి తగిలించిన పేరు పలక వంటిది. కొత్త ఇమేజ్ రాగానే ఆ పలక పాత ఇంటి నుంచి ఊడి కొత్త ఇంటికి చేరుతుంది. పాత ఇల్లు మాత్రం ఎక్కడికీ పోదు. చాలా డాకర్ వెర్షన్ల పట్టికలో అలాంటి ఇమేజ్‌కు పేరు ఉండాల్సిన చోట ‘నన్’, ట్యాగ్ ఉండాల్సిన చోట మళ్లీ ‘నన్’ అని ఉంటుంది. వాటి పక్కన మిగిలేది ఒక ఐడీ, ఎంత కాలం కిందట తయారైందో, ఎంత సైజో, అంతే. వీటినే డ్యాంగ్లింగ్ ఇమేజ్‌లంటారు.

ఆ సైజు అంకెను నమ్మి కూడికలు వేస్తే లెక్క తప్పుతుంది. ఇమేజ్ ఒకే ముద్ద కాదు, పొరల దొంతర. రెండు ఇమేజ్‌లలో ఒకే పొర ఉంటే డిస్కులో అది ఒక్కసారే ఉంటుంది. ఉదాహరణకు 900 ఎంబీ చొప్పున ఐదు ఇమేజ్‌లు ఉన్నాయనుకుందాం. వాటిలో 700 ఎంబీ అడుగు పొరలు ఉమ్మడివైతే డిస్కులో పట్టేది 4,500 ఎంబీ కాదు, 1,700 ఎంబీ. ఒక పాత ఇమేజ్‌ను తీసేస్తే తిరిగి వచ్చేది 200 ఎంబీ మాత్రమే. అడుగున ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ పొరే మారిపోతే ఆ ఉమ్మడితనం పోతుంది. అలా మారిన ప్రతిసారీ పాత, కొత్త ఇమేజ్‌లు పూర్తి బరువుతో పేరుకుంటాయి. అసలు లెక్కను ‘డాకర్ సిస్టమ్ డీఎఫ్’ అనే ఆదేశం చూపిస్తుంది. ఎంత చోటు వెనక్కి రాబట్టుకోవచ్చో కూడా అందులోనే ఉంటుంది.

డిస్కు నిండిపోతే నష్టం ఇమేజ్‌లతో ఆగదు. డేటాబేస్ రాయలేక ఆగిపోతుంది, లాగ్‌లు నిలిచిపోతాయి, తర్వాతి అప్‌డేట్ కూడా మధ్యలోనే విఫలమవుతుంది. ఆ హడావుడిలో కొందరు డాకర్ ఫోల్డర్‌లోకి వెళ్లి పొరల ఫైళ్లను చేత్తో చెరిపేస్తారు. ఏ పొర ఏ ఇమేజ్‌దో డాకర్ రాసుకున్న లెక్కకూ డిస్కులో ఉన్నదానికీ అప్పుడు పొంతన ఉండదు. ఇది ఎప్పుడూ చేయకూడని పని.

శుభ్రం చేయడానికి 2017 జనవరిలో వచ్చిన డాకర్ 1.13 నుంచి ‘ప్రూన్’ ఆదేశాలున్నాయి. మామూలు ‘ఇమేజ్ ప్రూన్’ పేరు లేనివాటినే తీస్తుంది. ‘లేటెస్ట్’ బదులు 1.4, 1.5 అంటూ వెర్షన్ ట్యాగులు వాడేచోట పాత ఇమేజ్‌ల పేర్లు అలాగే ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లదు. ప్రతి వారం ప్రూన్ నడుస్తున్నా డిస్కు నిండిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ‘ఆల్’ అని జోడిస్తే ఏ కంటైనర్‌కూ సంబంధించని ఇమేజ్‌లన్నీ పోతాయి.

దీనికి ‘అంటిల్’ వడపోత కలిపి, ఇన్ని గంటలకు ముందువే తీయమని చెప్పవచ్చు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ గంటలను ఇమేజ్ తయారైన సమయం నుంచి లెక్కిస్తారు, సర్వర్‌లోకి దింపుకున్న సమయం నుంచి కాదు. ఆరు నెలల కిందట తయారైన ఇమేజ్‌ను ఈ ఉదయమే దింపుకున్నా, దానితో ఇంకా కంటైనర్ మొదలుపెట్టకపోతే ఈ రాత్రి నడిచే ప్రూన్‌లోనే పోతుంది. ‘సిస్టమ్ ప్రూన్’ది ఇంకో రకం ప్రమాదం. అది ముందుగా ఆగి ఉన్న కంటైనర్లను తీసేస్తుంది. ‘ఆల్’ కూడా జోడించి ఉంటే, తాత్కాలికంగా ఆపిన సర్వీసు ఇమేజ్ కూడా కంటైనర్ వెంటే పోతుంది. ఇమేజ్ పోతే మళ్లీ దింపుకోవచ్చు. కంటైనర్‌కు బయట ఉండే నిల్వలైన వాల్యూమ్‌లలో ఉండేది వాడుకరుల డేటా, అది పోతే మళ్లీ రాదు. దానంతటదే నడిచే శుభ్రతలో వాల్యూమ్‌లను అసలు చేర్చకపోవడమే మంచిది.

ఈ పనిని నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్‌కో సిస్టమ్‌డీ టైమర్‌కో అప్పగించి, ఆదివారం తెల్లవారుజామున నడిచేలా పెట్టుకోవచ్చు. కంటైనర్లను దానంతటదే అప్‌డేట్ చేసే వాచ్‌టవర్ అనే సాధనంలో ‘క్లీనప్’ ఎంపిక ఉంది. దాన్ని ఆన్ చేస్తే కొత్త కంటైనర్ మొదలవగానే పాత ఇమేజ్‌ను తీసేస్తుంది. సౌకర్యమే, కానీ ఆ తొందర అన్నిచోట్లా తగదు. కొత్త వెర్షన్‌లో తప్పు సాధారణంగా మొదటి నిమిషంలో బయటపడదు. నెలాఖరు లెక్కలు వేసినప్పుడో, రద్దీ పెరిగినప్పుడో తెలుస్తుంది. అప్పుడు వెనక్కి వెళ్లడానికి పాత ఇమేజ్ అక్కడే ఉంటే క్షణాల పని. లేకపోతే మళ్లీ దింపుకోవాలి, ఇమేజ్‌లను నిల్వచేసే రిజిస్ట్రీలో ‘లేటెస్ట్’ కింద అప్పటికే వేరే ఇమేజ్ ఉంటే ఏది పాతదో వెతుక్కోవాలి. ముఖ్యమైన సర్వీసులకు చివరి ఒకటి రెండు వెర్షన్లను స్పష్టమైన ట్యాగులతో ఉంచుకుని, అంతకు ముందువే తీయడం మేలు.

అనేక సర్వర్లలో కంటైనర్లను నడిపించే కుబర్నెటీస్‌లో ఈ శుభ్రత బాధ్యత ప్రతి నోడ్ (సర్వర్) మీద ఉండే క్యూబ్‌లెట్‌ది. ప్రత్యేకంగా మార్చకపోతే డిస్కు వాడకం 85 శాతం దాటినప్పుడు పని మొదలుపెట్టి, 80 శాతానికి దిగేదాకా వాడుకలో లేని ఇమేజ్‌లను తీస్తూ పోతుంది. ఎంతో కాలంగా వాడనివి ముందు పోతాయి. అది తేదీల ప్రకారం కాకుండా చోటు అవసరాన్ని బట్టి నడుస్తుంది కాబట్టి, చోటు ఉన్నంతకాలం పాత వెర్షన్లు చేతికి అందుబాటులోనే ఉంటాయి.

రిజిస్ట్రీల్లోనూ పాత ఇమేజ్‌లు పేరుకుంటాయి. సొంతంగా నడిపే డాకర్ రిజిస్ట్రీలో ట్యాగ్‌నో, ఇమేజ్‌లో ఏ పొరలున్నాయో చెప్పే మ్యానిఫెస్ట్‌నో తొలగించినంత మాత్రాన చోటు ఖాళీ కాదు. ‘గార్బేజ్ కలెక్ట్’ నడిపి, ఏ ఇమేజ్‌కూ చెందని పొరలను విడిగా తీయాలి. అది నడుస్తున్నంతసేపూ రిజిస్ట్రీని చదవడానికి మాత్రమే వీలుండేలా ఉంచాలి. లేకపోతే అప్పుడే పైకి చేరుతున్న కొత్త ఇమేజ్ పొరలను ఎవరికీ చెందనివిగా భావించి తుడిచేసే ప్రమాదం ఉంది.